వీధికుక్క ఎందుకు మీదపడుతుంది? దూకుడుకు కారణాలు, కట్టడి దారులు

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ఢిల్లీలోనూ చుట్టుపక్కల ప్రాంతాల్లోనూ ఉన్న వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమని ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి ఆ ఆదేశాన్ని మార్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంది. రేబీస్ సోకినవాటిని, సోకిందని అనుమానమున్నవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం వదలొద్దంది. నవంబరు 7న ఇంకో ఆదేశం వచ్చింది: స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, ఆటస్థలాల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసెయ్యాలి, మళ్లీ అక్కడ వదలకూడదు.

రేబీస్ సంగతి తేల్చడానికి ఒక పద్ధతుంది. అనుమానమున్న కుక్కను విడిగా ఉంచితే కొద్దిరోజుల్లోనే బయటపడుతుంది. దూకుడు సంగతి అలా కాదు. పొద్దున వాచ్‌మన్ కాళ్ల దగ్గర తోకాడించిన కుక్కే రాత్రి పదకొండుకు బైకు వెంటపడుతుంది. అది దూకుడు కుక్కా, కాదా?

ఈ చర్చ ఊసుపోక చేసేది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల గుంపు దాడిలో చనిపోయాడు. ఆ సీసీటీవీ దృశ్యం చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఇంత పెద్ద సమస్యకు మందు వెతికేముందు, కుక్క అసలు ఎందుకు కరుస్తుందో విడదీసి చూడాలి. ఎందుకంటే కారణం ఒక్కటి కాదు. ఒక కారణానికి పనిచేసే మందు ఇంకో కారణానికి పనిచెయ్యదు.

## బెదిరింపు వేరు, వేట వేరు

కుక్క మనిషి మీద పడే సందర్భాల్లో ఎక్కువ భాగం బెదిరింపు కిందికి వస్తాయి. పిల్లల్ని పెట్టిన కుక్క దగ్గరికి వెళ్తే మీదికొస్తుంది. ఎంగిలి విస్తరి తింటున్న కుక్క, చెయ్యి దగ్గరికి రాగానే గుర్రుమంటుంది. కాలు విరిగిన కుక్కను ముట్టుకుంటే నొప్పితో కరుస్తుంది. రెండు కుక్కలు కొట్లాడుకుంటుంటే విడదీయబోయిన మనిషి చేతికే కాటు పడుతుంది. సందు చివర మూలకు తరిమితే, పారిపోయే దారి లేక కరుస్తుంది. వీటన్నిటిలోనూ కుక్క కోరేది ఒక్కటే: ఎదుటివాడు దూరంగా పోవాలి.

అందుకే కాటుకు ముందు చాలా హెచ్చరికలుంటాయి. ముఖం పక్కకు తిప్పుకోవడం, మూతి నాక్కోవడం, ఒళ్లు బిగదీసుకుని కదలకుండా నిలబడడం, చెవులు వెనక్కి వాల్చడం, గుర్రుమనడం, పళ్లు బయటపెట్టడం, చివరికి గాలిలో కొరకడం. కాటు వీటన్నిటి తర్వాతిది. చిన్నపిల్లలకు ఈ సంకేతాలు తెలియవు. వాళ్ల ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది. అందుకే పిల్లల్లో కాట్లు తలకూ ముఖానికీ ఎక్కువ. గుర్రుమన్న ప్రతిసారీ దెబ్బ తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, కానీ దాని భయం మాత్రం పోదు. అలాంటి కుక్కే హెచ్చరిక లేకుండా కరుస్తుంది.

వేట దీనికి పూర్తిగా భిన్నం. వేటాడే జంతువు అరవదు, బెదిరించదు. దానికి కావలసింది ఎదుటిది దూరంగా పోవడం కాదు, దొరకడం. ఈ రెండూ మెదడులో కూడా ఒకే దారిలో నడవవు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త వాల్టర్ హెస్ పిల్లుల మెదడు అడుగుభాగంలో ఉండే హైపోథాలమస్‌కు సన్నని కరెంటు ఇచ్చినప్పుడు అవి బుసకొట్టి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని పంజా విసిరాయి. మెదడు లోపలి భాగాల మీద చేసిన పరిశోధనకు ఆయనకు 1949లో నోబెల్ వచ్చింది. తర్వాత 1960లలో అమెరికాలో జాన్ ఫ్లిన్ బృందం అదే హైపోథాలమస్‌లో కాస్త పక్కగా ఉన్న చోటు కదిలిస్తే, పిల్లి ఏ చప్పుడూ లేకుండా వెళ్లి ఎలుక మెడ కొరికింది. ఒకే జంతువు, ఒకే నోరు, రెండు వేర్వేరు ప్రవర్తనలు.

ఈ తేడా తెలిస్తే గుంపు దాడుల తీవ్రత అర్థమవుతుంది. ఒంటరిగా ఉన్న చిన్నపిల్ల భయపడి పరుగెత్తినా, కిందపడినా, బెదిరింపుగా మొదలైనది తరుముడుగా, తరుముడు వేటలాంటిదిగా మారే ప్రమాదముంది. ఒక కుక్క ముందుకు దూకితే మిగతావీ దూకుతాయి. ఇలాంటివి మొత్తం కాట్లలో చాలా కొద్ది, కానీ ప్రాణాలు పోయేది ఎక్కువగా వీటిలోనే. కాట్ల సంఖ్య తగ్గించే పనీ, ఇలాంటి మరణాల్ని ఆపే పనీ అందుకే ఒకటి కావు.

## బైకు వెంటపడే కుక్క ఏం నేర్చుకుంది?

రాత్రిపూట ఇంటికొచ్చే ప్రతివాళ్లకూ తెలిసిన సంగతి ఇది. కుక్క వైపు నుంచి చూద్దాం.

మొదటి రోజు పెద్ద చప్పుడుతో ఏదో దూసుకొస్తుంది. కుక్క భయపడి మొరుగుతుంది. బైకు వెళ్లిపోతుంది. బైకు ఎలాగూ వెళ్లేదే, కానీ కుక్కకు ఆ సంగతి తెలియదు. తను మొరిగింది, అది పోయింది. రెండో రోజు ఇంకాస్త ధైర్యంగా నాలుగడుగులు పరుగెత్తుతుంది. మళ్లీ అదే ఫలితం. మూడో రోజు బండి మీదున్నాయన భయపడి స్పీడు పెంచుతాడు. కుక్కకు ఇంకా గట్టి రుజువు దొరికినట్టే. ఇలా రోజూ గెలుస్తున్న అలవాటును ఏ కుక్కా వదులుకోదు. పక్క కుక్కలు చూసి చేరతాయి.

ఇందులో పగ లేదు, పుట్టుకతో వచ్చిన చెడ్డగుణమూ లేదు. భయంతో మొదలై ఫలితం దొరకడం వల్ల గట్టిపడిన అలవాటు. నడిపేవాడు బండి నెమ్మది చేసినా, ఆపినా చాలాసార్లు కుక్క అయోమయంలో పడి ఆగిపోతుంది, ఎందుకంటే దాని లెక్క ప్రకారం జరగాల్సింది జరగలేదు. చాలాసార్లు అన్నాను, ప్రతిసారీ అనలేదు. వేటలా తరిమే కుక్కకూ, పిచ్చెక్కిన కుక్కకూ ఇది వర్తించదు.

## పుట్టుకా, పెంపకమా: సైబీరియా నక్కలు చెప్పింది

1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రీ బెల్యాయెవ్ సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. బొచ్చు కోసం పెంచే నక్కల్లో మనిషిని చూసి తక్కువ బెదిరేవాటినే ఎంచి పిల్లల్ని పెట్టించాడు. ఆరో తరానికే కొన్ని పిల్లలు తోకాడిస్తూ, చేతులు నాకుతూ మనుషుల వెంటపడ్డాయి. ఆయన తర్వాత ల్యుద్మిలా త్రూత్ దశాబ్దాల పాటు ఆ పని కొనసాగించింది. పక్కనే ఇంకో మందను మనిషి మీదికి ఎక్కువగా దూకేవాటితోనే పెంచారు. ఆ దూకుడు నక్కల పిల్లల్ని సాధు నక్కలకిచ్చి పెంచినా, వాటి స్వభావం పెద్దగా మారలేదు. అంటే దూకుడులో పుట్టుకకు నిజంగానే వాటా ఉంది.

అయితే దాని నుంచి ‘ఫలానా జాతి కుక్క ప్రమాదకరం’ అనే మాటకు దూకడం తొందరపాటు. 18 వేలకు పైగా కుక్కల వివరాలతో 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. పుట్టుక ప్రభావం ఉంది, కానీ ఒకే జాతిలోనే ఒక్కో కుక్క ఒక్కోలా పుడుతుంది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని ‘క్రూరమైనవి’ అంటూ నిషేధించమని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. పెద్ద దవడ ఉన్న కుక్క కరిస్తే గాయం పెద్దదవుతుందనేది నిజం. అది కాటు తీవ్రత గురించిన మాట, కరిచే గుణం గురించినది కాదు. మన వీధికుక్కలకైతే ఏ జాతి పేరూ లేదు కాబట్టి ఈ వాదన వాటికి అసలే అందదు.

వీధికుక్క విషయంలో ఎక్కువ చెప్పగలిగేది దాని మొదటి నెలలు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ఏది మామూలో, ఏది భయపడాల్సిందో నేర్చుకుంటుంది. ఆ వయసులో మెత్తగా ముట్టుకున్న మనుషుల్ని చూసినది పెద్దయ్యాక మనిషిని నమ్ముతుంది. రాళ్లూ కర్రలూ మాత్రమే చూసినది నమ్మదు. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ పరిశోధకులు పశ్చిమ బెంగాల్ వీధికుక్కల్ని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లు చూసిన పిల్లల్లో 81 శాతం ఏడు నెలలు నిండకముందే చనిపోయాయి. ఆ చావుల్లో 63 శాతానికి మనుషులే కారణం: బండ్ల కింద పడడం, కొట్టడం, విషం, ఎత్తుకుపోవడం. బతికిన పెద్ద కుక్క మనిషిని చూసి బెదురుతోందంటే ఆ బెదురు ఎక్కడిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

## చిత్త కార్తెకూ చలికాలం కాట్లకూ సంబంధం

చిత్త కార్తెలో కుక్కల సంగతి పల్లెల్లో అందరికీ తెలుసు. అది తిట్టుగా మిగిలిపోయింది గానీ, దాని వెనక మంచి పరిశీలన ఉంది. చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. మన దేశంలో వీధికుక్కలు ఎక్కువగా ఎదకొచ్చేది వానలు వెనకబట్టే ఆ రోజుల్లోనే. కుక్క చూలు సుమారు 63 రోజులు. అక్టోబరు మధ్యలో కట్టిన కుక్క డిసెంబరు మధ్యలో ఈనుతుంది. జనవరికి పిల్లలు కళ్లు తెరిచి, గూడు దాటి, వీధిలో తిరగడం మొదలుపెడతాయి. స్కూలు పిల్లలు వాటిని ఎత్తుకుంటారు. తల్లి మీదపడుతుంది.

రాజస్థాన్‌లోని జైపూర్‌లో ఈ లెక్క నిజమని తేలింది. అక్కడ 1994 నుంచి కుక్కలకు ఆపరేషన్లు చేస్తున్న సంస్థ వాళ్లు ఆసుపత్రి కేసుల్ని కుక్కల సంతాన కాలంతో పోల్చి చూశారు. కుక్కలు ఈనే కాలం వెనకాలే మనుషులకు కుక్కకాట్ల కేసులు పెరుగుతున్నాయి. ఆపరేషన్లు జరిగిన నగర ప్రాంతంలో ఏళ్లు గడిచేకొద్దీ కాట్లు తగ్గాయి, బయటి ప్రాంతాల్లో తగ్గలేదు.

ఆపరేషన్ దేన్ని తగ్గిస్తుందో ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవాలి. పిల్లలే లేకపోతే వాటిని కాపాడుకునే దూకుడు ఉండదు. మగకుక్కల మధ్య ఆడకుక్క కోసం కొట్లాటలు, ఊరంతా తిరగడం తగ్గుతాయి. కానీ భయం వల్ల వచ్చే కాటును ఆపరేషన్ ఆపదు. బైకు వెంటపడే అలవాటునూ మాన్పించదు. చెవికి గాటు ఉన్న కుక్క, అంటే ఆపరేషన్ అయిన కుక్క, కరిచిందని వినగానే ‘ఆపరేషన్లన్నీ దండగ’ అనుకునేవాళ్లున్నారు. ‘ఆపరేషన్ అయితే ఇక కరవదు’ అనే వాళ్లూ ఉన్నారు. రెండూ సరికాదు.

## తిండి ఎక్కడుంటే గుంపు అక్కడ

ఒక వీధిలో ఎన్ని కుక్కలుంటాయో నిర్ణయించేది ఎక్కువగా అక్కడ దొరికే తిండే. చికెన్ షాపు వెనక పారేసిన పేగులూ తలకాయలూ, ఫంక్షన్ హాలు పక్కన విస్తళ్లు, మూత లేని చెత్తకుండీ ఉన్నచోట గుంపు కడతాయి. తిండి ఒకేచోట కుప్పగా ఉంటే దాని చుట్టూ పోటీ, ఆ పోటీలోంచి కాపలా, ఆ కాపలాకు అడ్డంగా నడిచే మనుషులు.

ఈ కథలో రాబందులకూ భాగముంది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు వాటి కళేబరాల్లో మిగిలి, ఆ మాంసం తినడం వల్ల 1990లలో మన రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ మందును పశువైద్యంలో 2006లో నిషేధించారు. ఈలోగా రాబందులు తినాల్సిన కళేబరాలు కుక్కలకు మిగిలాయి. వాటి సంఖ్య ఆ కారణంగానే లక్షల్లో పెరిగిందని పరిశోధకులు అంచనా కట్టారు.

కుక్కలకు అన్నం పెట్టేవాళ్ల విషయంలో వాదన రెండు వైపులా బలంగానే ఉంది. రోజూ తిండి పెట్టే మనిషిని కుక్కలు నమ్ముతాయి కాబట్టి ఆపరేషన్‌కు, టీకాకు పట్టుకోవడం సులువు. ఆకలి లేని కుక్క చిరాకు పడదు. మరోవైపు, అపార్ట్‌మెంటు గేటు ముందో స్కూలు గోడ పక్కనో పెడితే, కుక్క ఆ జాగాను తనదిగా కాపలా కాస్తుంది. పెట్టే మనిషికి అది సాధు జంతువు, కొత్తగా వచ్చిన డెలివరీ అబ్బాయికి కాదు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఆగస్టు 22 ఆదేశంలో తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు గుర్తించమని కోర్టు చెప్పడానికి కారణం ఇదే.

## పిచ్చికుక్క సంగతి వేరు

రేబీస్ వైరస్ కాటు నుంచి నరాల వెంట మెదడుకు ప్రయాణిస్తుంది, అక్కడి నుంచి లాలాజల గ్రంథులకు చేరుతుంది. కుక్కను కరిచేలా మార్చడం, అదే సమయంలో దాని చొంగలో చేరడం, ఇలా ఒంటి నుంచి ఒంటికి దాటుతుంది. ఈ దూకుడుకు భయమూ, తిండీ, పిల్లలూ ఏవీ కారణం కాదు. కనబడిన ప్రతిదాన్నీ కరుస్తూ ఊరు దాటిపోతుంది. ఇంకో రూపముంది: కుక్క మూల నక్కి, దవడ వేలాడేసి, చొంగ కారుస్తుంది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యిపెట్టినవాళ్లకు అది ప్రాణాంతకం.

మనిషికి లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. అంతకుముందే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, టీకాలు, అవసరమైతే గాయంలో వైరస్‌ను వెంటనే ఎదుర్కొనే సీరం ఇస్తే దాదాపు అందరూ బతుకుతారు. పసుపూ కారమూ పసర్లూ పెట్టి ఆసుపత్రికి ఆలస్యంగా రావడం వల్ల ఇప్పటికీ పిల్లలు పోతున్నారు, ఇది రాయడానికే బాధగా ఉంది.

గోవా ఇక్కడ మంచి ఉదాహరణ. కుక్కల్ని వీధుల్లోంచి తీసెయ్యకుండానే, ఏటా వాటిలో ఎక్కువ శాతానికి టీకా వేస్తూ పోయారు. 2021లో ఆ రాష్ట్రం రేబీస్ అదుపులోకి వచ్చిందని ప్రకటించుకుంది. కానీ టీకా కుక్క స్వభావాన్ని మార్చదు, అది కాటు వల్ల వచ్చే చావును దూరం చేస్తుంది, అంతే.

## తీసెయ్యాలా, తిరిగి వదలాలా?

తీసెయ్యమనేవాళ్ల వాదనలో బరువుంది. వీధి అందరిదీ. చిన్నపిల్లలూ, ముసలివాళ్లూ, కాలినడకన పనికెళ్లేవాళ్లూ భయంతో నడవాల్సిన పని లేదు. కార్లలో తిరిగేవాళ్లకు ఈ భయం తెలియదు, బస్తీవాళ్లకు తెలుసు.

తిరిగి వదలమనేవాళ్లు ఆచరణ గురించి అడుగుతారు. 2019 పశుగణన ప్రకారమే దేశంలో వీధికుక్కలు కోటీ 53 లక్షలు. అన్నిటినీ జీవితాంతం పోషించే షెల్టర్లు ఏ నగరంలోనూ లేవు. ఒక వీధి ఖాళీ చేస్తే చెత్త అలాగే ఉంటుంది కాబట్టి పక్క వీధి కుక్కలు వస్తాయి, టీకా లేనివి, ఆ మనుషులకు అలవాటు లేనివి. చంపడం కూడా కొత్త ఆలోచన కాదు. మద్రాసు కార్పొరేషన్ 19వ శతాబ్దం నుంచీ ఆ పనే చేసింది, కుక్కలు తగ్గలేదు. చివరికి 1996లో ఆపరేషన్ల దారి పట్టింది.

అయితే ఆపరేషన్ల దారి మన నగరాల్లో ఎందుకు కనిపించేంతగా పనిచెయ్యడంలేదు? ఒక లెక్క వేద్దాం. ఒక ప్రాంతంలో వంద కుక్కలు, అందులో యాభై ఆడవి అనుకుందాం. ఏటా ఒక ఈత, ఈతకు ఐదు పిల్లలు. ఏడాదికి ఇరవై పెద్ద కుక్కలు చనిపోతాయనుకుందాం. పిల్లల్లో బతికేది పైన చెప్పినట్టు 19 శాతం. ఇరవై ఆడకుక్కలకే ఆపరేషన్ అయితే, మిగిలిన ముప్పై ఈని 150 పిల్లలు పెడతాయి, అందులో 28 బతుకుతాయి. పోయినవి ఇరవై. ఇంత ఖర్చు పెట్టాక కూడా కుక్కలు పెరిగాయి. నలభైకి అయితే పది ఈని యాభై పిల్లలు, బతికేవి తొమ్మిదో పదో. అప్పుడు తగ్గుతాయి. కనీసం 70 శాతానికి, అదీ కొద్దికాలంలో, ఒక ప్రాంతం పూర్తయ్యాకే ఇంకోదానికి వెళ్తూ చెయ్యాలనడం ఇందుకే. అక్కడక్కడా ఫిర్యాదు వచ్చినచోట నాలుగు కుక్కల్ని పట్టుకెళ్లే పద్ధతి ఈ గీత ఎప్పటికీ దాటదు. భూటాన్ 2009లో మొదలుపెట్టి, 2023లో దేశంలోని వీధికుక్కలన్నిటికీ ఆపరేషన్లు పూర్తయ్యాయని ప్రకటించింది. చిన్న దేశం, నిజమే. కానీ పద్నాలుగేళ్లు వదలకుండా చేసింది.

ఈ లెక్కకూ పరిమితి ఉంది. ఇది ఫలించేది ఏళ్ల మీద. రేపు ఉదయం స్కూలుకు వెళ్లే పిల్లకు ఇది సమాధానం కాదు. ఆ పిల్లకు కావలసింది గుంపు కట్టే చోట్లను ఇవాళే చెదరగొట్టడం, మనుషుల్ని నిజంగా కరుస్తున్న కుక్కను వీధిలోంచి తియ్యడం.

## ఏ కుక్కను తియ్యాలో తేల్చేదెలా?

మళ్లీ కోర్టు ఆదేశం దగ్గరికి వద్దాం. వల వేసి, బండిలో కుక్కి, తెలియని కుక్కల మధ్య బోనులో పెట్టాక ఏ కుక్కైనా పళ్లు బయటపెడుతుంది. అక్కడ దాని దూకుడును కొలిస్తే, కొలిచింది దాని భయాన్నే. అమెరికా షెల్టర్లలో కుక్కలకు పెట్టే స్వభావ పరీక్షల్ని పరిశీలించిన పశువైద్య పరిశోధకులు 2016లో, వాటి ఫలితం నాణెం ఎగరేసి చెప్పినదానికన్నా మెరుగు కాదన్నారు. బోనులో సాధువుగా కనిపించినది వీధిలో గుంపుకు ముందు నడిచేదే కావచ్చు.

బోను కన్నా వీధి ఎక్కువ చెప్తుంది. కాటు కేసు ఆసుపత్రికి వచ్చినప్పుడు ఇప్పుడు రాసుకునేది ఎక్కువగా గాయం గురించి. ఏ సందులో, ఎన్ని గంటలకు, ఒక కుక్కా గుంపా, పిల్లలున్న తల్లా, తిండి దగ్గరా, తరిమితే కరిచిందా, నడిచిపోతుంటే కరిచిందా అన్నవి కూడా రాసి మున్సిపాలిటీకి పంపితే బొమ్మ మారిపోతుంది. ఒకే సందులో డిసెంబరు, జనవరి నెలల్లో నాలుగు కేసులొస్తే అక్కడ ఈనిన కుక్క ఉంది, పిల్లలతో సహా తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలి. రాత్రిపూట బండ్లవాళ్లకే కాట్లయితే అది నేర్చుకున్న తరుముడు. ఒకే షాపు చుట్టూ అయితే ముందు ఆ షాపు చెత్త సంగతి చూడాలి. ఏ రెచ్చగొట్టడమూ లేకుండా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషుల్ని ఒకే కుక్క కరిచిందని తేలితే, కోర్టు వదలొద్దన్నది ఆ కుక్కనే.